వైరక్క ఖాకీ ముడి

నేల మీద వైరు పడి ఉంటే వైరక్క ప్రాణం ఒప్పుకోదు. అది కంప్యూటరు వైరైనా, ఇస్త్రీపెట్టె వైరైనా, తనదైనా, పరాయిదైనా సరే, వంగి తీసి, చక్కగా చుట్టి, మధ్యలో ఖాకీ గుడ్డపేలికతో ఒక ముడి వేసి, కొస వేలాడకుండా దగ్గర్లో ఉన్న గోడ కన్నంలో గుచ్చితే గాని అక్కణ్ణుంచి కదలదు. ఆ పేలికలు మొగుడి పాత ప్యాంట్లవి. ఆయన బస్సు కండక్టరు. "నా ప్యాంట్లన్నీ తీసుకెళ్ళి ఆ హాస్టల్ గోడలకి కట్టేస్తున్నావు, రేపు నేను రిటైరయ్యే రోజున ఏం తొడుక్కుని పోవాలే?" అని ఆయన అంటూనే ఉంటాడు, ఆవిడ కత్తిరిస్తూనే ఉంటుంది.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకమ్మాయి నేల మీది వైరు కాలికి తగులుకుని బోర్లా పడింది. ముందుపన్ను సగానికి విరిగింది. వైరు అక్కడ పడేసింది ఎవరో గాని, ఆ పిల్ల నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఏడవడం చూశాక, ఇక తను ఉండగా హాస్టల్లో ఏ వైరూ నేల మీద కనపడకూడదని ఒట్టు పెట్టుకుంది. మంచి అలవాటే, ఎవరు కాదంటారు? మనిషిని ముంచేవి చెడ్డ అలవాట్లు మాత్రమేనని ఎవరన్నా రాసిచ్చారా ఏమిటి?

కాగితాల మీద ఆవిడ ఉద్యోగానికి ఏదో పెద్ద పేరే ఉంది. ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. కాలేజీ అమ్మాయిల హాస్టలు అది. ఏ అంతస్తులో ఎవరి కంప్యూటరు మొరాయించినా, "వైరక్కా!" అని మెట్ల దగ్గర్నుంచి ఒక్క కేక. ఆవిడ పనికోటు జేబులో కత్తెరా, పేలికలూ వేసుకుని, మోకాళ్ళు పట్టుకుని, "వస్తున్నానమ్మా, మీ నెట్టు మండిపోనూ" అంటూ ఎక్కుతుంది. తిట్టుకుంటూనే ఎక్కుతుంది, నవ్వుకుంటూ దిగుతుంది.

పాతకాలపు కట్టడం, గోడలు బారెడు మందం. వైర్లు లేకుండా వచ్చే ఇంటర్నెట్టు వరండా దాకా వచ్చి ఆగిపోతుంది, ఫోనులో మాట అందుతుంది గాని, ఫోను నెట్టు మెట్ల కిటికీ దాటి లోపలికి రాదు. అందుకని ప్రతి గదిలోనూ గోడకి నెట్టు వైరు గుచ్చే కన్నాలు రెండు పెట్టారు, మంచానికొకటి చొప్పున. మనిషి చేరిన మంచానికి కన్నం పనిచేస్తుంది. ఖాళీ మంచం తాలూకు కన్నం చచ్చి పడుంటుంది. అన్ని గదుల వైర్లూ గోడల్లోంచి దిగి మెట్ల కింది చిన్నగదిలో ఒక ఇనప బీరువాలోకి వచ్చి చేరతాయి. చచ్చిన కన్నానికి ప్రాణం పొయ్యాలంటే ఆ బీరువాలో ఒక చిన్న వైరు గుచ్చాలి. ఆ బీరువా తాళంచెవి వైరక్క మెళ్ళో ఉంటుంది. వార్డెనమ్మ దగ్గర కూడా లేదు.

కాలేజీ తెరిచిన రోజుల్లో ఆవిడ హడావిడి చూసి తీరాలి. ప్రతి కంప్యూటరుకీ పుట్టుకతో వచ్చే పొడుగాటి నంబరొకటి ఉంటుంది. అది తీసి ఆఫీసు కంప్యూటర్లో ఎక్కిస్తే గాని గోడ పలకదు. ఆ నంబరు ఎక్కడుందో పిల్లలకి తెలీదు. "నాకు నంబరు లేదక్కా" అంటుంది ఒకతి. "నీకు లేకపోతే పోయె, నీ కంప్యూటరుకి ఉంటుంది, ఇలా తే" అంటుంది ఆవిడ. అందరివీ పుస్తకమంత మందం కంప్యూటర్లు, సంచీలోంచి తీసి ఒళ్ళో పెట్టుకునేవి. వాటి మధ్య ఆ ఏడు ఒక పిల్ల టీవీ పెట్టెంత అట్టపెట్టె గుండెలకి హత్తుకుని, దారి కనపడక మెట్లు తడుముకుంటూ ఎక్కింది. లోపల పాతకాలపు పెద్ద కంప్యూటరు. ఆ క్షణం నుంచే ఆ పిల్ల పేరు డబ్బాపిల్ల అయిపోయింది.

"మా అన్నయ్య తయారుచేశాడక్కా దీన్ని. నాలుగు చోట్ల పాత సామాను తెచ్చి, తనే బిగించాడు" అని గర్వంగా చెప్పింది డబ్బాపిల్ల. అన్నయ్యకి మోటార్లు బాగుచేసే షాపు ఉందట. అమ్మా నాన్నా లేరు. పెంచిందీ, చదివిస్తున్నదీ ఆ అన్నయ్యే. కంప్యూటరుతో పాటు చిన్న స్విచ్ డబ్బా ఒకటీ, వైర్లు కొన్నీ ఇచ్చి పంపాడు. ఒక కన్నంలోంచి వచ్చే నెట్టుని ఇద్దరికి పంచే డబ్బా అది. "రెండో మంచానికి ఎవరైనా వస్తే వాళ్ళకీ ఒక వైరు ఇవ్వు, మంచిగా ఉంటారు" అన్నాడట.

"మీ అన్నయ్య బంగారమేనే" అంది వైరక్క, బల్ల కిందకి దూరుతూ.

డబ్బాని గోడకి కలిపింది. కంప్యూటరుని డబ్బాకి కలిపింది. పిల్ల సంతకం పెట్టడానికి కింద ఆఫీసుకి వెళ్ళింది. అప్పుడే ఫోను మోగింది. మొగుడు. "ఏమైందే నీ పర్మనెంటు సంగతి? వార్డెనుని కదిపావా లేదా?" ఎన్నో ఏళ్ళుగా నలుగుతున్న సంగతి అది. ఆ ఏడు పై ఆఫీసుకి ఫైలు కదిలింది, వార్డెనమ్మ మంచి మాట రాసింది. ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "కదిపానండీ, కదలనిస్తేగా మీరు" అంటూ ఆవిడ చుట్టూ చూసింది. రెండో మంచం పిల్ల కోసం డబ్బాకి గుచ్చిన ఇంకో వైరు, రెండో కొస నేల మీద పాములా పడి ఉంది. చెయ్యి దానంతటదే పోయింది. చుట్టింది, ఖాకీ పేలికతో ముడి వేసింది, కొసని గోడలో రెండో కన్నంలో గుచ్చింది. చచ్చిన కన్నమే కదా. తువ్వాలు తగిలించే మేకు ఎంతో అదీ అంతే. ఫోను పెట్టేసి, మోకాళ్ళు దులుపుకుని, పక్క గదికి వెళ్ళిపోయింది.

అంతే జరిగింది. నిజంగా అంతే.

కొన్ని వారాలు గడిచాయి. ఖాళీ మంచాలకి రెండో విడత పిల్లలు వస్తున్నారు, అన్ని గదుల్లోనూ రెండో కన్నాలు బతికించమంది వార్డెనమ్మ. వైరక్క మెట్ల కింది గదిలో కూర్చుని, ఒళ్ళో చిన్న వైర్ల గుత్తి పెట్టుకుని, బీరువాలో వరసగా గుచ్చుకుంటూ పోయింది. ఒక్కటీ తప్పు పోలేదు. ఒక్కటీ వంకరగా లేదు. బీరువా తలుపు వేసి, దానికున్న అద్దంలోంచి లోపలికి చూసుకుని, తన పని తనకే ముచ్చటేసింది.

టీ గ్లాసు పెదాలకి ఆనించిందో లేదో, పైనుంచి అరుపులు. మొదట ఒక అంతస్తు, తర్వాత అన్ని అంతస్తులూ. బీరువా వైపు చూసింది. మామూలుగా ఒకటొకటిగా మిణుకుమనే ఆకుపచ్చ దీపాలన్నీ పిచ్చెత్తినట్టు ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి.

పైన ఆ సమయంలోనే చివరి ఏడాది అమ్మాయి ఒకతి కంప్యూటరు ముందు ఉద్యోగం ఇంటర్వ్యూలో ఉంది. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని ఆ అమ్మాయిని అందరూ లాయరమ్మ అంటారు. ఉతికిన బట్టలేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, తలుపు మీద "దయచేసి పిలవద్దు" అని కాగితం అంటించుకుని కూర్చుంది. అవతలివాళ్ళు ప్రశ్న అడిగారు, ఈ అమ్మాయి జవాబు మొదలుపెట్టింది, బొమ్మ అలాగే బిగుసుకుపోయింది. గబగబా ఫోను అందుకుని చేస్తే అవతల ఎవరూ ఎత్తలేదు. తర్వాత కూడా మళ్ళీ పిలవలేదు.

ఈ గొడవ ఏ గది వల్ల వచ్చిందో తెలుసుకోవడానికి ఉన్న దారి ఒకటే. బీరువాలో వైర్లు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి, ఏది పీకితే దీపాలు నెమ్మదిస్తాయో అదే దొంగ. వైరక్క పీకుతూ పోయింది. వెనకాల వార్డెనమ్మ, ఆవిడ వెనకాల సగం హాస్టలు. ఒక వైరు పీకగానే దీపాలు చల్లబడ్డాయి. చీటీ మీద గది నంబరు వైరక్క చేతిరాతే. డబ్బాపిల్ల గది.

తలుపు తీసిన పిల్లకి ఇంతమంది ఎందుకొచ్చారో అర్థం కాలేదు. వైరక్క బల్ల కిందకి వంగింది. డబ్బాలోంచి ఒక వైరు మొదటి కన్నంలోకి, ఇంకో వైరు రెండో కన్నంలోకి. రెండో వైరు మధ్యలో ఖాకీ ముడి.

అప్పుడు తెలిసింది ఆవిడకి.

"ఏమిటది?" అంది వార్డెనమ్మ పైనుంచి.

"ఒకే డబ్బా నుంచి రెండు వైర్లు గోడలోకి పోయాయి మేడమ్" అంది వైరక్క, బల్ల కింద నుంచే. "ఒక కన్నంలోంచి పోయిన మాట రెండో దాంట్లోంచి తిరిగొస్తుంది. వచ్చిందే మళ్ళీ పోతుంది. అది అలా గింగిరాలు కొడుతుంటే ఇక మిగతావాళ్ళ మాటకి దారుండదు."

"ఎవరు పెట్టారిలా?"

వైరక్క నోరు తెరిచింది. తెరిచిన మాట వాస్తవం, ఆ సంగతి తర్వాత తనకి తనే చాలాసార్లు చెప్పుకుంది. కాని అంతలో ఆ పిల్లే, "నేనేనేమో మేడమ్" అంది. "నిన్న బల్ల కిటికీ వైపు జరిపాను. కంప్యూటరు వైర్లన్నీ లాగి మళ్ళీ పెట్టాను. ఏది ఎందులో పెట్టానో... చూసుకోలేదు మేడమ్. సారీ మేడమ్."

ఆ పిల్ల లాగింది కంప్యూటరు వైర్లే, గోడవి కావు. గోడ దగ్గరి ముడి మీద సన్నటి దుమ్ము పొర అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అది చూసింది వైరక్క ఒక్కతే. తెరిచిన నోరు మూసుకుంది.

"నీ మూలంగా నా ఉద్యోగం పోయింది తెలుసా!" అని లాయరమ్మ తలుపు దగ్గర్నుంచి ఒక్క అరుపు అరిచి, అక్కడే కూలబడి ఏడ్చింది. డబ్బాపిల్ల కూడా ఏడ్చింది. వైరక్క ఆ వైరు పీకి, ముడి విప్పి, పేలికని ఎవరూ చూడకుండా జేబులో కుక్కుకుంది. పేలిక ఎందుకు దాచినట్టు? ఎవరికి తెలుసు గనక ఆ ముడి సంగతి? చెయ్యి దానంతటదే చేసింది. పాడు చెయ్యి!

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మొగుడు గోరువెచ్చటి నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. రోజంతా బస్సులో నిలబడే మనిషి. ఆవిడ సంచీ కింద పెట్టకుండానే మొత్తం చెప్పేసింది. ఆయన వేళాకోళం మానేసి విన్నాడు.

"ఇప్పుడు నిన్నెవరన్నా అడిగారా?" అన్నాడు చివరికి.

"లేదు."

"నువ్వేమన్నా అబద్ధమాడావా?"

"లేదు గాని..."

"మరింకేం? ఆ పిల్ల తనంతట తనే ఒప్పుకుంది. రెండు తిట్లు తింటుంది, పోతుంది. చిన్నపిల్లలు, రేపటికి మర్చిపోతారు. పర్మనెంటు కాగితం మీద సంతకం పడనీ. ఆ తర్వాత నువ్వు మైకు పెట్టించుకుని చెప్పుకో, నేనే వచ్చి చప్పట్లు కొడతాను."

ఆయన చెడ్డవాడు కాదు. ఆవిడ మేలు కోరే చెప్పాడు. ఆవిడకి కూడా ఆ క్షణాన ఎవరో ఒకరు ఆ మాట అనడమే కావాలి. అందుకే ఆయన మీద నెపం పెట్టడానికి లేదు. సరే అంది. తువ్వాలు అందించింది.

కాని పిల్లలు మర్చిపోలేదు. మర్చిపోయే పిల్లలైతే వాళ్ళు హాస్టల్లో ఎందుకుంటారు? డబ్బాపిల్ల తలుపు మీద "ముట్టుకుంటే షాకు" అని ఎవరో రాసిపెట్టారు. ఆ పిల్ల భోజనాల హాల్లోకి వస్తే బల్ల మీద జాగా ఉన్నా "ఇక్కడ ఎవరో వస్తారు" అనేవారు. రెండో మంచానికి రావలసిన అమ్మాయి ఆ గది వద్దంది. ఇక ఆ పిల్ల ఏం చేసిందయ్యా అంటే, గదిగదికీ వెళ్ళి తలుపు కొట్టి క్షమాపణ చెప్పుకుంటూ పోయింది. అన్ని అంతస్తులూ. లాయరమ్మ తలుపు తియ్యలేదు. తియ్యని తలుపుకి కూడా సారీ చెప్పి వచ్చింది.

చివరికి మెట్ల కింది గదికి వచ్చింది, చేతిలో రెండు కాగితం కప్పుల్లో టీ.

"మీకూ సారీ చెప్పాలక్కా" అంది. "మీరు ఎంత శుభ్రంగా పెట్టి వెళ్ళారో. నేనే చెడగొట్టాను. నా మూలంగా మీక్కూడా మాట వచ్చి ఉంటుంది."

వైరక్క కప్పు అందుకుంది. ఇప్పుడు చెప్పెయ్యి, అంది మనసు. గదిలో ఎవరూ లేరు, తలుపు వేసి ఉంది, ఇంతకన్నా మంచి సమయం దొరకదు, చెప్పెయ్యి. కాని ఆ పిల్ల కప్పు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద తల ఆన్చుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఏడ్చే పిల్లకి ఎలా చెప్పేది అనుకుంది వైరక్క. ఎంత మంచి సాకు దొరికిందో చూడండి!

తల మీద చెయ్యి వేసి నిమిరింది. "పోనీలే తల్లీ. ఊరుకో. ఎవరికైనా జరుగుతుంది" అంది.

పోనీలే అట! క్షమించేసిందట! ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, "మీరొక్కరే అక్కా నన్ను ఒక్క మాట కూడా అనలేదు" అని, కొంచెం తేలికపడి వెళ్ళిపోయింది. వైరక్క ఆ గదిలో తలుపు వేసుకుని, కప్పులో టీ చల్లారి మీగడ కట్టేదాకా కూర్చుంది. తేలు కుట్టిన దొంగ బతుకంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. మెట్ల మీద ఎవరు "వైరక్కా" అన్నా ఉలిక్కిపడేది. ఇంట్లో పాత ప్యాంటు తీసి కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడేది కాదు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచేది. "నీ మొహం చూస్తే బస్సు మిస్సయిన మనిషిలా ఉన్నావే" అని మొగుడు నవ్వించబోయాడు. ఆవిడ నవ్వలేదు.

లాయరమ్మ ఊరుకునే రకమా? కొంతమందిని వెంటేసుకుని వార్డెనమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల ఉంటే మళ్ళీ ఏం చేస్తుందో, పరీక్షలు దగ్గరపడుతున్నాయి, అంది. నెట్‌వర్కు జోలికి పోయినవాళ్ళని ఖాళీ చేయించవచ్చని హాస్టల్ నియమాల్లో ఉండనే ఉంది. వార్డెనమ్మ వైరక్కని పిలిచి, "ఆ అమ్మాయి శనివారం ఖాళీ చేసి వెళ్ళిపోతోంది. ఆ గది రెండు కన్నాలూ తీసేయండి" అంది, ఏదో బల్బు మార్చమన్నట్టు.

హాస్టల్లోంచి పోతే ఆ పిల్ల ఎక్కడుంటుంది? రోజూ వచ్చిపోయే దూరం కాదు వాళ్ళ ఊరు. బయట గది తీసుకుని ఉంచగల శక్తి ఆ అన్నకి లేదు. మంచం పోతే చదువు పోయినట్టే. తిన్నగా అర్థమయ్యేలా చెప్పాలంటే, వైరక్క మూసుకున్న నోటికి ఆ పిల్ల చదువు మూల్యం.

అయినా చూడండి మనిషి పిరికితనం! ఆ మాట విన్నాక కూడా ఆవిడ శనివారం దాకా ఆగింది. ఏదో ఒకటి జరుగుతుంది, వార్డెనమ్మే మనసు మార్చుకుంటుంది అని చూసింది. ఏమీ జరగలేదు. శనివారం పొద్దున పై అంతస్తులో ఏదో పని కల్పించుకుని ఆ వరండాలోంచి నడిచింది. గది తలుపు తీసి ఉంది. లోపల గ్రీజు మరకల చొక్కాతో ఒక బక్కపలచటి మనిషి నేల మీద కూర్చుని, కంప్యూటరుని అదే అట్టపెట్టెలో సర్దుతున్నాడు. చెల్లెలు మంచం మీద బట్టలు మడతపెడుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నయ్యా, ఈవిడే వైరక్క" అంది.

ఆయన గబుక్కున లేచి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మీ గురించే చెప్తుందండీ ఫోనులో. మీరు తప్ప ఇక్కడ దీనికి ఎవరూ లేరంట." ఆ చిన్న స్విచ్ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "ఇదిచ్చి పంపింది నేనేనండీ. నలుగురితో మంచిగా ఉంటుందని ఇచ్చాను. నాదే బుద్ధి తక్కువ. మోటార్లు చూసుకునేవాడికి కంప్యూటర్ల జోలి ఎందుకు చెప్పండి?"

తన పాపం ఆ పిల్ల మీదే కాదు, ఇప్పుడు ఈయన మీదకి కూడా పాకింది. ఈయన ఊరెళ్ళి, షాపులో కూర్చుని, ఏ మోటారు విప్పినా ఇదే తలుచుకుంటాడు, నా వల్లే నా చెల్లెలి చదువు పోయిందని. వైరక్కకి అక్కడ నిలబడడం చేతకాలేదు. "సర్దకండి" అంది. "ఒక్క నిమిషం. ఏమీ సర్దకండి." మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మెట్లు దిగింది.

వార్డెనమ్మ కళ్ళజోడు తీసి విన్నది. వైరక్క పేలిక బల్ల మీద పెట్టి, గుచ్చిన సంగతి, బతికించిన సంగతి, ఊరుకున్న సంగతి, అన్నీ ఒక్క బిగిన చెప్పి, ఏడుస్తూ నిలబడింది.

"ముందు కూర్చోండి" అంది వార్డెనమ్మ. గ్లాసులో నీళ్ళు వంచి ఇచ్చింది. "ఓస్, ఇంతేనా? మీ మొహం చూసి ఇంకేమిటో అనుకున్నాను. పనిచేసేవాళ్ళన్నాక పొరపాట్లు రావా? ఆ అమ్మాయిని ఉండమని చెబుతాను, సరేనా? ఇంతటితో వదిలేయండి. మీ ఫైలు పై ఆఫీసులో ఉంది, ఇప్పుడిది నలుగురి నోళ్ళలో పడితే మీకే నష్టం."

వైరక్క నీళ్ళు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేసింది. చేసింది ఆ పిల్ల అనుకున్నప్పుడు ఖాళీ చేయమన్నారు. తనే అని తెలిశాక కూర్చోమన్నారు, నీళ్ళిచ్చారు.

"మరి వాళ్ళందరికీ ఎలా తెలుస్తుంది మేడమ్?"

"ఎవరికి? ఏమని?"

"ఆ పిల్ల చెయ్యలేదని."

"ఎందుకు తెలియడం? అదే సర్దుకుంటుంది" అంది వార్డెనమ్మ.

మధ్యాహ్నం భోజనాల హాలు నిండి ఉన్న వేళ వైరక్క గుమ్మంలో నిలబడింది. ఎప్పుడూ లోపలికి రాని మనిషి. "అమ్మాయిలూ, ఒక్క మాట" అంటే ఎవరికీ వినిపించలేదు. పక్కన ఉన్న ఖాళీ పళ్ళెం తీసుకుని బల్ల మీద కొట్టింది. అప్పుడు వినిపించింది. చెప్పింది. సరిగ్గా చెప్పడం కూడా రాలేదు, ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ అయిపోయింది. కాని "ఆ వైరు నేను పెట్టాను, ఆ పిల్ల పెట్టలేదు, నాకు తెలిసీ చెప్పలేదు" అన్న మాట మాత్రం మూడుసార్లు చెప్పింది.

లాయరమ్మ లేచి నిలబడింది. "అంటే నా ఇంటర్వ్యూ పోయింది మీవల్లా?"

"అవునమ్మా. నావల్లే."

దేనికైనా వాదన ఉండే ఆ అమ్మాయికి దీనికి వాదన దొరకలేదు. పళ్ళెం అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఆవిడ వైపు చూడలేక కంచాల్లోకి చూసుకున్నారు. ఈ సంగతి పై ఆఫీసుకి చేరడానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు. ఫైలు తిరిగొచ్చింది, మళ్ళీ ఎప్పుడైనా చూద్దామని. మొగుడు ఏమీ అనలేదు. చాలా రోజులు ఏమీ అనలేదు. అదో శిక్ష.

వైరక్క హాల్లోంచి తిన్నగా పైకి వెళ్ళింది. కబురు ఆవిడకన్నా ముందే వెళ్ళింది. అన్న వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఆవిడని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకుంది వైరక్క. తిడితే బాగుండునని కూడా అనుకుంది. నాలుగు దెబ్బలు వేసినా పడేదే.

"ఎప్పట్నుంచి తెలుసక్కా మీకు?" అంది పిల్ల.

"ఆ రోజు బల్ల కిందకి వంగినప్పుడే తల్లీ."

"నేను టీ తెచ్చినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

పిల్ల తన చేతుల వైపు చూసుకుంది. "అప్పుడు నా తల నిమిరారు కదా" అంది.

ఇన్నాళ్ళూ వైరు సంగతి తలుచుకుని కుమిలిపోయింది గాని, ఆ చెయ్యి సంగతి వైరక్కకి తట్టనే లేదు. వైరు పొరపాటున పెట్టింది. చెయ్యి పొరపాటున పెట్టలేదు.

ఊరికే నిలబడలేక, "కంప్యూటరు మళ్ళీ పెట్టేస్తాను" అంటూ అట్టపెట్టె వైపు వంగింది.

"వద్దు" అంది పిల్ల. గట్టిగా అనలేదు. "నేనే పెట్టుకుంటాను. ఏది ఎక్కడో చెప్పండి చాలండి."

అక్కా అని లేదు ఆ మాటలో. అండి అని ఉంది.

వైరక్క గోడకి ఆనుకుని నిలబడి చెప్పింది. పిల్ల బల్ల కిందకి దూరింది. డబ్బాని గోడకి కలిపింది, కంప్యూటరుని డబ్బాకి కలిపింది. ఒకసారి తప్పు కన్నంలో పెట్టి, తనే చూసుకుని తీసింది. వైరక్క చెయ్యి ముందుకు పోబోతే వెనక్కి లాక్కుంది. తెర వెలిగింది. నెట్టు వచ్చింది. అన్నయ్య లోపలికి తొంగిచూసి, చెల్లెలి మొహం చూసి, మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

ఒక వైరు మిగిలిపోయింది. డబ్బాలోంచి వచ్చి, రెండో కొస నేల మీద, నడిచే దారికి అడ్డంగా పడి ఉంది. వైరక్క చెయ్యి జేబులోకి పోయి ఖాకీ పేలికని పట్టుకుంది. అలాగే పట్టుకుని ఉండిపోయింది. పిల్ల వెనక్కి తిరగలేదు. ఆవిడ జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి తీసి, కోటు అంచు కొంచెం పైకెత్తి పట్టుకుని, ఆ వైరుని దాటుకుని బయటికి వచ్చింది.